మడత చెప్పిన సత్యం

మిర్చి కోతల కాలం. గుంటూరు జిల్లాలోని మా మదర్సాలో హాజరు పలుచబడిన ఒక ఉదయం, వచ్చిన పిల్లలకు సౌష్ఠవం బోధిస్తున్నాను. చతురస్రాన్ని నాలుగు విధాలుగా మడిచి చూపాను; ప్రతిసారీ అంచులు కలిశాయి. ఆ ఊపులో, "వాలుగా ఉన్న ఈ సమాంతర చతుర్భుజాన్ని కర్ణం రెండు సమభాగాలు చేస్తుంది. కనుక అదీ సౌష్ఠవ రేఖే" అన్నాను.

ఒక బాలిక కాగితం కత్తిరించి మడిచింది. "అంచులు కలవడం లేదు హజ్రత్!"

ముప్పై ఏళ్ల ఉస్తాదునన్న అహం క్షణకాలం నా నోరు నొక్కింది. ఆపై, "పొరపాటు నాదే బేటీ" అన్నాను. ఆ రెండు త్రిభుజాలూ సమానమే. కాని మడిస్తే ఒకదానిపై ఒకటి ఒదగవు. కర్ణాలు ఖండించుకునే చోట గుండుసూది గుచ్చి 180 డిగ్రీలు తిప్పాము. ఆకారం సరిగ్గా తన స్థానంలోనే కూర్చుంది. రేఖా సౌష్ఠవం లేదు. భ్రమణ సౌష్ఠవం ఉంది.

జ్ఞానం అమానత్. అది చిన్నారి చేతి మడతలో కనిపించినా స్వీకరించవలసిందే.