పిండికట్టూ, ఫియట్ కారూ

మా ఇంట్లో నాకంటే పదేళ్ళు పెద్దది ఒకటుంది. 1969 నాటి ఫియట్ 1100 డిలైట్. బొంబాయి కుర్లా కర్మాగారంలో పుట్టి, మా నాన్నగారి చేతుల్లో పెరిగి, ఆయన పోయాక నా పాలబడింది. దాని చెల్లెళ్ళు పద్మిని టాక్సీలు 2023 అక్టోబరులో ముంబయి వీధుల నుంచి సెలవు తీసుకున్నాయి. ఇది మాత్రం బెజవాడలో మా పెరటి రేకుల షెడ్డులో ఉంది. వారమంతా కాలేజీలో ప్రబంధాలు చెప్పడం, ఆదివారం దాని కింద దూరడం నా వ్యసనం.

కిందటేడు వానాకాలంలో ఓ ఆదివారం, నానిన నేలమీద జాకీ ఎత్తాను. జాకీ కింద చెక్క వేయాలనీ, పక్కన స్టాండు నిలపాలనీ తెలియక కాదు, బద్ధకం. బ్రేకు డ్రమ్ము విప్పుతూండగా జాకీ ఒరిగింది. కుడి మణికట్టు విరిగింది. తప్పు జాకీది కాదు.

ఆరు వారాలు పిండికట్టు. విప్పి చూస్తే చెయ్యి నాదే గాని, నా మాట వినదు. బోర్డుమీద 'క్ష' రాస్తే, "అది అక్షరమా, పీతా, మాస్టారూ?" అంది వెనకబెంచీ. రబ్బరుబంతి పిసుకుతూ నెలలు గడిపాను.

"దాన్ని అమ్మెయ్యండి. నాకు కారు కంటే మీ చెయ్యి ముఖ్యం," అంది మా ఆవిడ. ఏమంటాను? బేరం కుదిరింది, బయానా పుచ్చుకున్నాను. బండి నడిపి చూపిస్తే మిగతా పైకం ఇస్తారట. అంటే, అమ్మడానికైనా మళ్ళీ పానా పట్టక తప్పదు!

ఆటోనగర్ నుంచి మా పాత మేస్త్రిని పిలిపించాను. ఆయన పాత పెట్రోలు తీసేశాడు, బ్యాటరీ బిగించాడు. ప్లగ్గులు మాత్రం నా చేతిలో పెట్టి, "ఇవి మీ పని, మాస్టారూ," అన్నాడు.

ఫియట్ ఇంజను తల అల్యూమినియంది. ఉక్కు ప్లగ్గు అడ్డంగా ఎక్కిందా, మర పాడవుతుంది. చెయ్యి బాగున్న రోజుల్లో నేను పానాతోనే తిప్పేసి, ఒక మర చెడగొట్టినవాణ్ణే. ఇప్పుడు బలవంతం చేద్దామన్నా బలమేది? వేళ్ళతోనే మెల్లగా తిప్పాను. అడ్డం తగిలితే వెనక్కి తీశాను. మళ్ళీ తిప్పాను. నాలుగు ప్లగ్గులకీ గంట పట్టింది. నాలుగూ తిన్నగా కూర్చున్నాయి.

"ఇన్నాళ్ళకి పని నేర్చారు," అన్నాడు మేస్త్రి.

నాలుగోసారికి ఇంజను అందుకుంది. వంటింట్లోంచి మా ఆవిడ గరిటె చేతబట్టుకునే వచ్చింది. గుమ్మంలో నిలబడి కాసేపు విన్నది.

"మావయ్యగారు ఆఫీసునుంచి వచ్చినట్టుందండీ," అంది.

ఆ తరవాత ఇద్దరమూ మాట్లాడలేదు. సాయంత్రం తనే బీరువా తీసి, బయానా పైకం నా ముందు పెట్టింది. "రేపు తిరిగి ఇచ్చిరండి. కాని ఒక షరతు."

ఆ షరతు ఈనాటికీ అమల్లో ఉంది. ఆదివారం నేను జాకీ ఎత్తి, చెక్కలు వేసి, స్టాండ్లు నిలిపి, చేతులు కట్టుకు నిలబడతాను. ఆవిడ వచ్చి ఒక్కొక్క స్టాండునీ కదిపి చూస్తుంది. "ఊఁ, ఇక దూరండి," అంటే గాని నాకు ప్రవేశం లేదు.