సద్దాం మాకేమవుతాడు?

కోనసీమలో సాయిబుగా పుట్టినవాడికి ఇరాక్‌తో ఏదో చుట్టరికం ఉండితీరాలి కాబోలు. 1991లో గల్ఫ్ యుద్ధం మొదలవగానే ముక్తేశ్వరంలో మమ్మల్ని "మీ సద్దాం గెలుస్తాడా?" అనడిగారు. 2003లో బాగ్దాద్ పడిపోతే "మీ సద్దాం పనైపోయింది" అన్నారు. 2006లో ఉరితీస్తే పరామర్శించినవాళ్ళూ ఉన్నారు. ఇంతకీ సద్దాం మాకేమవుతాడు? మా ఇంటి పొయ్యి ఆర్పినవాడవుతాడు.

కోనసీమంటే కొబ్బరితోటలంటారు. తోటలున్నవాళ్ళకి తోటలు. లేనివాళ్ళకి కువైట్. మా ఖాలా అలాగే వెళ్ళింది, ఒక అరబ్బు ఇంట్లో పనికి. ఆమెతోపాటు మాలపల్లె నుంచీ ఆడవాళ్ళు వెళ్ళారు. అందరికీ ఒకడే ఏజెంటు, ఒకటే వడ్డీ. అక్కడ అంట్లు తోమడానికి మతం అడ్డురాలేదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. తుపాకీ పట్టుకొచ్చినవాడూ కలిమా చదివేవాడే, ఇల్లొదిలి పారిపోయినవాడూ కలిమా చదివేవాడే. యజమాని కుటుంబం రాత్రికి రాత్రి సౌదీ వెళ్ళిపోయింది. దాచుకున్న దీనార్లు చెల్లని కాగితాలయ్యాయి. బస్రా, బాగ్దాద్ మీదుగా బస్సుల్లో, జోర్డాన్ ఎడారి గుడారాల్లో పడుతూ లేస్తూ మావాళ్ళు అమ్మాన్ చేరారు. అక్కణ్ణించి మన ప్రభుత్వం లక్షమందికి పైగా జనాన్ని విమానాల్లో బొంబాయికి చేర్చింది. ఖాలా కట్టుబట్టలతో దిగింది. అప్పు మాత్రం ఇక్కడే ఉంది, వడ్డీతో సహా.

బస్రా దారిలో ఒక ఇరాకీ ముసలమ్మ తనకు రొట్టె, నీళ్ళు ఇచ్చిందని ఖాలా చెప్పేది. జనవరి 17న అమెరికా, దాని మిత్రదేశాలు బాంబులు మొదలుపెట్టాయి. ఆరు వారాలు. ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లో అమిరియా షెల్టర్‌ మీద బాంబులు వేశారు. లోపల తలదాచుకున్నవాళ్ళు నాలుగొందల మందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. ఖాలా ఆ ముసలమ్మ గురించి అడిగేది. మేమేం చెప్పగలం? ఆ జనవరిలోనే అమెరికా సైనిక విమానాలు మన బొంబాయిలో చమురు పోయించుకున్నాయి. ఖాలాని కాపాడి దింపిన ఊరే అది. గొడవయ్యాక ఫిబ్రవరిలో ఆపారు. "మీ సద్దాం" అన్నవాళ్ళని "మీ చమురేనా?" అని మేం అడగలేదు.

తర్వాత పరిహారమొచ్చింది. కువైట్ వదిలొచ్చిన మనిషికి కనీసం 2,500 డాలర్లని ఐక్యరాజ్యసమితి కమిషన్ లెక్క కట్టింది. కాగితాలున్నవాళ్ళకి అందింది, లేనివాళ్ళు చేతులు నలుపుకుంటూ ఉండిపోయారు. ఖాలాకి అందింది. అప్పు తీరింది, ఇంటిమీద పెంకు పడింది.

ఆ డబ్బెవరిది? సద్దాం జేబులోది కాదు, బుష్ దానమిచ్చిందీ కాదు. ఇరాక్ మీద 1990 ఆగస్టు నుంచే ఆంక్షలు. ఆస్పత్రుల్లో మందుల్లేవు. 1996 చివర్లో తిండికోసం కాస్త చమురు అమ్ముకోనిచ్చారు. దాన్లో నూటికి 30 వంతులు ముందే కోసి పరిహారనిధికి మళ్ళించారు. అంటే మా ఇంటి పెంకులో ఆ ముసలమ్మ మనవల మందుల డబ్బుంది. ఇచ్చినవాడు దొంగా కాదు, పుచ్చుకున్నది దొంగా కాదు. ఇద్దరూ పేదవాళ్ళే. ఒక పేదరాలి నష్టాన్ని ఇంకో పేదరాలి కంచంలోంచి తీసి పూడ్చడమే న్యాయమైంది.

ఆ బాకీ ఆఖరి వాయిదా 2022 జనవరిలో తీరింది. మొత్తం 5,240 కోట్ల డాలర్లు. పెద్ద వాటాలు కువైట్ చమురు కంపెనీలాంటి వాళ్ళకి. సద్దాం చచ్చిన పదిహేనేళ్ళ తర్వాత, యుద్ధంనాటికి పుట్టని పిల్లలు కూడా కట్టారు. 2003లో లేని ఆయుధాల పేరుచెప్పి అదే దేశం మీద పడ్డ అమెరికా, బ్రిటన్‌ల దగ్గర వసూలు చెయ్యడానికి మాత్రం ఏ కమిషనూ కూచోలేదు. గెలిచినవాడికి బాకీ ఉండదు.

కనక ఏ పక్షమో తేల్చమని మమ్మల్ని నిలదీసేవాళ్ళకి ఇదే మా జవాబు. సద్దాం మావాడు కాదు, బుష్ మావాడు కాదు. కువైట్‌లో జీతం పోగొట్టుకున్న మాలపల్లె ఆడది మాకు చుట్టం. బస్రాలో రొట్టె పెట్టిన ముసలమ్మ మాకు చుట్టం. ఆమె మాకు పెట్టింది, మేం ఆమెకి బాకీపడ్డాం. ఆ బాకీ ఏ కమిషన్ లెక్కలోనూ లేదు.