రక్తం లెక్కపెట్టే చోటు

పిల్లలూ, యాత్ర అనగానే మీకు తిరుపతి కొండో, నాగార్జునసాగరమో గుర్తుకు వస్తాయి. ఈ నెల నేను మిమ్మల్ని తీసుకుపోయేది అటువంటి చోటుకు కాదు. భీమవరంలో ఒక వీధిలో, మందుల దుకాణం పక్కనే మెట్లెక్కి పైకి వెళితే, రెండు గదుల ప్రయోగశాల ఉన్నది. అక్కడ చూడముచ్చటైనది ఏమీ లేదు. మోచేతి దగ్గర దూదిముక్క అదుముకుని కూర్చున్న మనుషులు తప్ప ఎవరూ కనబడరు. అయినా నేను చూసిన వింతల్లో దాన్ని ముందు వరసలోనే పెడతాను.

అక్కడికి మేము ఎందుకు వెళ్లవలసివచ్చిందో చెబుతాను. మా మనవరాలికి పన్నెండేళ్లు. నిరుడు దసరా సెలవులు అయినప్పటినుంచీ పిల్ల నీరసంగా ఉంటున్నది. బడినుంచి రాగానే పుస్తకాల సంచీ అరుగు మీద పడేసి, తనూ అక్కడే పడుకునేది. మేడమెట్లు ఎక్కితే ఆయాసం. లెక్కల్లో మార్కులు తగ్గాయి. "బద్ధకం! ఆ ఫోను చూడడం మానితే అన్నీ సర్దుకుంటాయి," అని వాళ్ల నాన్న కేకలేశాడు. నేనూ ఊఁ కొట్టాను.

ఇంతలో ఒకనాడు పిల్ల బియ్యం డబ్బా దగ్గర నిలబడి, గుప్పెడు పచ్చి బియ్యం నోట్లో పోసుకుని నములుతుంటే మా కోడలు చూసింది. "ఇలా బియ్యం తింటే నీ పెళ్లికి వాన ముంచెత్తుతుందే!" అని నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, నా అయిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. రోజూ బలపాలు కొరుక్కు తినేది. మధ్యాహ్నం అయ్యేసరికి బల్ల మీద తల వాల్చి నిద్రపోయేది. నేను ఆ పిల్లను బెంచీ ఎక్కించి నిలబెట్టాను. ఒకసారి కాదు, చాలాసార్లు. నిలబడలేక ఒకనాడు కిందికి జారి కూర్చుంటే, అది మొండితనం అనుకున్నాను. మరుసటి ఏడు ఆ పిల్ల బడి మానేసింది. ఒంట్లో ఇనుము తక్కువైన పిల్లలకు మట్టి, బలపాలు, పచ్చి బియ్యం వంటివి తినాలనిపిస్తుందని నేను చాలా ఏళ్ల తరవాత చదివాను. ఆ అమ్మాయి రక్తం ఎవరూ పరీక్షించలేదు గనక, ఆమె జబ్బు అదేనని ఇప్పుడు నేను చెప్పలేను. కాని ఆ బెంచీ నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

అందుకని మర్నాడే మనవరాలిని వెంటబెట్టుకుని బస్సెక్కాను. దారికి రెండు పక్కలా ఒకప్పుడు వరిచేలు ఉండేవి. ఇప్పుడు చాలా చోట్ల చేపల చెరువులూ, రొయ్యల చెరువులూ వచ్చాయి. చెరువుల్లో చక్రాలు గిరగిరా తిరుగుతూ నీళ్లు చిమ్ముతున్నాయి.

"అవెందుకు తాతయ్యా?" అన్నది పిల్ల.

"నీటిలోకి ప్రాణవాయువు ఎక్కించడానికమ్మా. అది తగ్గితే చేపలు నీళ్లలోనే ఉండి కూడా ఊపిరాడక పైకి తేలుతాయి," అన్నాను. ఆ మాట తిరిగి మాకు పనికివస్తుందని అప్పుడు నాకు తోచలేదు.

భీమవరం పొలిమేరల్లో పిల్లకు యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చెప్పాను. ఆయన 1895లో ఈ ఊళ్లోనే పుట్టారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బు వస్తే తిన్న తిండిలోని సారం పేగులకు పట్టదు. మనిషి చిక్కిపోతాడు, రక్తహీనత వస్తుంది. సుబ్బారావు గారు 1922లో అమెరికా వెళ్లారు. ఆయన నడిపిన లెడర్లే ప్రయోగశాల బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అటువంటి రక్తహీనతకు అది మందు అయింది. "మీ బళ్లో వారానికి ఒకసారి నీలం మాత్ర ఇస్తారే, అందులో ఇనుముతోపాటు ఉండేది అదే," అన్నాను.

పిల్ల కాసేపు కిటికీలోనుంచి బయటికి చూసింది. తరవాత చిన్న గొంతుతో, "తాతయ్యా, నేను ఆ మాత్ర మింగడం లేదు. కడుపులో తిప్పుతుందని కిటికీలోనుంచి పారేస్తున్నాను," అన్నది. నేను కోప్పడలేదు. కోప్పడే వంతు నాది కాదనిపించింది.

ప్రయోగశాలలో రక్తం తీసే కుర్రవాడు నన్ను చూస్తూనే లేచి నిలబడి, "మాస్టారూ, బాగున్నారా అండీ?" అన్నాడు. ఒకప్పుడు నా దగ్గర చదివినవాడే. "పరగడుపున తీసుకురావాలేమోరా?" అంటే, "ఈ పరీక్షకు అక్కర్లేదండి," అన్నాడు. అతను పిల్ల చేతినుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టంలో పోశాడు. దాన్ని గబగబా కుదపకుండా, మెల్లగా అటూ ఇటూ తిరగేశాడు. ఆ గొట్టంలో ఒక మందు ఉంటుంది. రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం కావాలి. ఈ మందు ఆ కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. గడ్డకట్టిన రక్తంలో కణాలను లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు.

రక్తం చూడడానికి ఎర్ర నీళ్లలా ఉంటుంది గాని, అందులో మూడు రకాల కణాలు తేలుతుంటాయి. ఎర్రకణాలు ఊపిరితిత్తులనుంచి ప్రాణవాయువును మోసుకుపోతాయి. తెల్లకణాలు రోగాలతో పోరాడతాయి. ప్లేట్‌లెట్లు అనే చిన్న ముక్కలు గాయమైన చోట పోగై రక్తం కారకుండా అడ్డుపడతాయి. ఒక ఘనపు మిల్లీమీటరులో, అంటే ఆవగింజకన్నా చిన్న బిందువులో, ఎర్రకణాలు దాదాపు 45 లక్షలు ఉంటాయి. సెకనుకు ఒకటి చొప్పున, తిండీ నిద్రా మాని లెక్కపెడితే 52 రోజులు పడుతుంది! మీ వయసు పిల్లల్లో రెండున్నర లీటర్ల రక్తం ఉంటుందనుకుంటే, మొత్తం ఎర్రకణాలు ఎన్నో మీరే కట్టి చూడండి. నాకు 11 లక్షల కోట్లు పైచిలుకు వచ్చింది.

మరి ఎలా లెక్కపెడతారు? 1852లో కార్ల్ ఫియరోర్ట్ అనే జర్మను వైద్యుడు మొదటిసారి రక్తకణాలను లెక్కించాడు. తరవాత గళ్లు గీసిన గాజుపలకలు వచ్చాయి. మా కుర్రవాడు అటువంటి పలక ఒకటి బీరువాలోనుంచి తీసి చూపించాడు. రక్తాన్ని 200 రెట్లు పలచన చేసి ఆ పలక మీద పోస్తారు. సూక్ష్మదర్శినిలో చూస్తూ, నడిమి చదరంలోని 25 గళ్లలో అయిదు గళ్లు మాత్రం లెక్కపెట్టి, వచ్చిన సంఖ్యను 10,000 పెట్టి హెచ్చిస్తారు. 450 కనిపిస్తే 45 లక్షలన్నమాట. హెచ్చవేతలు ఎందుకు నేర్చుకోవాలని అడిగే పిల్లలకు ఈ పలక చూపించాలని నాకు ఎంతో కోరిక.

ఇప్పుడు ఆ పని యంత్రం చేస్తుంది. వాలెస్ కౌల్టర్ అనే అమెరికా దేశస్థుడు ఒక ఉపాయం కనిపెట్టి, 1953లో దానికి పేటెంటు పొందాడు. సన్నని రంధ్రం గుండా ఉప్పునీళ్లు పారుతుంటాయి. ఆ రంధ్రంలోనుంచి విద్యుత్తు కూడా ప్రవహిస్తుంటుంది. ఒక్కొక్క కణం రంధ్రం దాటేటప్పుడు విద్యుత్తుకు క్షణకాలం అడ్డు తగులుతుంది. ఎన్నిసార్లు అడ్డు తగిలితే అన్ని కణాలు. అడ్డు పెద్దదైతే కణం పెద్దది! సంతలో గొర్రెలను ఇరుకు తడికలోనుంచి ఒక్కొక్కటిగా వదిలి లెక్కపెట్టినట్టే ఇదీను.

కాసేపటికి కాగితం వచ్చింది. హిమోగ్లోబిన్ 8.6 అని ఉన్నది. పక్కన కూర్చున్న ముసలమ్మ తొంగిచూసి, "అయ్యో తల్లీ, నూటికి ఎనిమిది పాళ్లే రక్తం ఉన్నదా!" అని బుగ్గలు నొక్కుకున్నది. మన ఊళ్లల్లో చాలామంది అలాగే అనుకుంటారు. ఇది ఒంట్లో ఎంత రక్తం ఉన్నదో చెప్పే లెక్క కాదు. నూరు మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం ఎన్ని గ్రాములు ఉన్నదో చెబుతుంది. కుస్తీలు పట్టే వస్తాదుకైనా అది పదిహేడు, పద్దెనిమిది మించి ఉండడం అరుదు. పన్నెండేళ్ల పిల్లలకు 12 ఉండాలి.

విచిత్రమేమిటంటే, పిల్ల ఎర్రకణాల సంఖ్య 43 లక్షలు. అంటే తక్కువేమీ కాదు. కాని ఒక్కొక్క కణం పరిమాణం దగ్గర 66 అని ఉన్నది. ఆ వయసుకు సుమారు 77 అయినా ఉండాలి. బుట్టలు సరిపడా ఉన్నాయి, కాని అవి చిన్నవి, వాటిలో సరుకు తక్కువ! సరుకు తయారుకావడానికి ఇనుము కావాలి. చక్రాలు ఆగిన చెరువులో చేపల పాట్లు ఎందుకో అప్పుడు పిల్లే నాకు గుర్తుచేసింది.

కాగితం మీద ఇంకా రెండు చోట్ల నక్షత్రపు గుర్తులు ఉన్నాయి. తెల్లకణాలు 8,200, అది మామూలే. కాని వాటిలో ఇయోసినోఫిల్ అనే రకం నూటికి పది ఉన్నాయి, ఆరు దాటకూడదు. ప్లేట్‌లెట్లు 4.6 లక్షలు, హద్దు 4.5 లక్షలు. నేను కంగారుపడ్డాను. మా కుర్రవాడు నన్ను కూర్చోబెట్టి, "మాస్టారూ, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నూరుమందిని పరీక్షించి, మధ్యలో తొంభై అయిదుగురికి వచ్చిన అంకెలతో ఈ హద్దులు పెడతారండి. అంటే ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా అయిదుగురికి గుర్తు పడుతుంది. పైగా చాలాచోట్ల పెద్దవాళ్ల హద్దులే పిల్లల కాగితం మీదా అచ్చేస్తారు," అన్నాడు. బళ్లో అందరికంటే పొడుగువాడు రోగిష్టి కాడు గదా! పాఠం చెప్పించుకోవడం నాకు ఆరోజు హాయిగానే ఉన్నది.

అతను గాజుపలక మీద ఒక చుక్క పలచగా పులిమి, ఊదారంగు వేసి, సూక్ష్మదర్శినిలో పెట్టి పిల్లను చూడమన్నాడు. ఎర్రకణం అంటే, చిల్లు పడకుండా మధ్యలో వేలితో నొక్కిన గారెలా ఉండాలి. "ఇవి చేగోడీల్లా ఉన్నాయి తాతయ్యా!" అన్నది పిల్ల. నిజమే. అంచు మాత్రం సన్నగా ఎర్రగా ఉండి, నడుమంతా తెల్లగా పాలిపోయి ఉన్నది.

అక్కడినుంచి డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్లాం. ఆవిడ కాగితం కన్నా ముందు పిల్లను చూశారు. కింది కనురెప్ప లాగి చూశారు, గోళ్లు చూశారు, చెప్పులు వేసుకుని తిరుగుతావా అని అడిగారు. కాగితం మొత్తం చదివాక, "ఇనుము లోపంలాగే ఉన్నది. కాని తలసీమియా అంశ పుట్టుకతో ఉన్నవాళ్లకు కూడా కణాలు చిన్నవిగానే ఉంటాయి. ఇనుము నిలవ ఎంతో చూశాకే మాత్రలు మొదలుపెడదాం," అన్నారు. ఆ పరీక్షలో నిలవ అడుగంటిందని తేలింది. మలపరీక్షలో కొంకిపురుగుల గుడ్లు కనిపించాయి. ఆ పురుగు పిల్లలు బురదలోనుంచి వట్టికాళ్ల చర్మంలోకి దూరి, చివరకు పేగులకు చేరి, అక్కడ రక్తం పీలుస్తూ బతుకుతాయి. ఆ రెండో నక్షత్రం అర్థం అదన్నమాట! ప్లేట్‌లెట్ల సంగతి అడిగితే, ఇనుము తగ్గినప్పుడు అవి కాస్త పెరగడం మామూలేనని ఆవిడ కొట్టిపారేశారు.

పురుగులకు మందు, రోజూ ఇనుపమాత్ర, దానితో నిమ్మరసం, మాత్రకు ముందూ వెనకా టీ బందు. మొదటి వారం పిల్లకు కడుపులో తిప్పింది. భోజనమయ్యాక వేసుకోమన్నారు, తిప్పడం తగ్గింది. నెల తిరిగేసరికి మళ్లీ బస్సెక్కాం. ఈసారి హిమోగ్లోబిన్ 10.3. బియ్యం డబ్బా జోలికి పిల్ల వెళ్లడం మానేసిందని మా కోడలు చెప్పింది.

పిల్లకు అంకెతో తృప్తి కలగలేదు. గాజుపలక చూస్తానని పట్టుబట్టింది. చూస్తే రెండు రకాల కణాలూ కలిసి ఉన్నాయి: నిండుగా ఉన్న కొత్తవి, చేగోడీల్లాంటి పాతవి. "పాతవి ఎప్పుడు పోతాయన్నా?" అని అడిగింది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులని మా కుర్రవాడు చెప్పాడు.

తిరుగుబస్సులో పిల్ల మాత్రలు మొదలుపెట్టిన తేదీ నన్ను అడిగి, నెలలకు 30, 31 సరిచూసుకుంటూ లెక్క కట్టింది. శివరాత్రికి అటూ ఇటూ తేలింది. ఆ లెక్కను బస్సు టిక్కెట్టు వెనక రాసి నా చేతికి ఇచ్చింది. నేను కళ్లజోడు పెట్టుకుని దిద్దాను. తప్పు లేదు.