గల్లాపెట్టె తాళపుచెవి

ఆడుపిల్లకు చదువేల యని యడుగువారు మన యిండ్లలో నిప్పుడరుదు. ఆమె యుద్యోగము చేసి జీతము తెచ్చుటయు మనకు సమ్మతమే. కాని పాతికేండ్ల పడుచు సొంతముగా నొక యంగడి తెఱచి, బేరమాడి, బాకీలు వసూలు చేసికొనుచున్నచో దానిని మనము మెచ్చుకొనుచునే వేడుకగా నెంతుము గాని వ్యాపారముగా నెంచము. ఈ భేదమును గుఱించియే నాలుగు మాటలు వ్రాయదలచితిని.

మా వీథిలో నొక యువతి రవికెలు కుట్టు నంగడి నడుపుచున్నది. రెండు కుట్టుమిషనులు, ఒక కత్తిరింపుబల్ల, ఒక నిలువుటద్దము - ఇదియే యామె యాస్తి. సంక్రాంతికిని పెండ్లి ముహూర్తములకును ముందు పని ముమ్మరము. అప్పుడు లైనింగుగుడ్డ, దారము, హుక్కులు రొక్కమిచ్చి కొనవలెను. సాయమునకు వచ్చు పిల్లకు వారమువారము కూలి యీయవలెను. కుట్టుకూలి మాత్రము పండుగ వెళ్లిన పిదప గాని రాదు. "తెలిసినవారమే గదమ్మా, తరువాత నిచ్చెదము" అని పోవువారిలో స్త్రీల యభ్యుదయమును గోరువారును గలరు. మెచ్చుకోలునకు దారపుటుండ రాదు గదా!

ఇక నప్పు మాట. బ్యాంకు హామీ యడుగును. ఇల్లును పొలమును తఱచుగా పురుషుల పేరనే యుండును. 1986 నాటి ఆంధ్రప్రదేశ శాసనమును, 2005 నాటి కేంద్ర శాసనమును హిందూ ఉమ్మడి కుటుంబపుటాస్తిలో కుమార్తెకు కుమారునితో సమముగా భాగమిచ్చినవి. అయినను పుట్టింటి రాకపోకలు చెడునేమో యని భాగము నడుగని యాడుపడుచు లెందఱో! 1992లో నాబార్డు ప్రారంభించిన పద్ధతిచే స్వయంసహాయక సంఘములకు తనఖా లేకయే బ్యాంకు ఋణము లభింపసాగెను. సభ్యురాండ్ర పొదుపును పరస్పర విశ్వాసమునే హామీయైనవి. 2015లో వచ్చిన ముద్రా పథకమును చిన్న వ్యాపారములకు తనఖా లేని ఋణమిచ్చునదే. ఇవి మేలే.

అయినను అప్పు దొరకుటయే యుపకారము గాదు. ఆంధ్రదేశమున సూక్ష్మఋణసంస్థల వారపు వాయిదాలకును వసూళ్ల యొత్తిడికిని, ఒక యప్పు తీర్చుటకు వేఱొక యప్పు చేయు దుస్థితికిని కుటుంబములు కుమిలినందున, 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చెను. పండుగకు గాని రాబడి లేని పనికి వారపు వాయిదా సరిపడునా? పైగా పత్రముపై సంతకము భార్యదియు, సొమ్ము భర్త చేతిలోనిదియు నైన యిండ్లు లేకపోలేదు. అట్టిచోట బాకీ మాత్రమే యామెది.

1959లో బొంబాయి గిర్గాములో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల యప్పుతో అప్పడములు చేయనారంభించిరి. అదియే లిజ్జత్ సంస్థగా పెరిగెను. 1974లో అహమదాబాదున సేవా సంఘమునకు చెందిన శ్రామికస్త్రీలు తలకు 10 రూపాయల వాటా వేసికొని తమ సొంత బ్యాంకును స్థాపించుకొనిరి. రెండింటను మొదలు స్వల్పమే. కాని లెక్కయు నిర్ణయమును వారివే.

కావున గృహస్థులకు నా మనవి యిది. మీ కూతురో కోడలో వ్యాపారము చేయుచున్నచో బ్యాంకు ఖాతా ఆమె పేరనే, ఆమె సంతకముతోనే నడువనిండు. కూరగాయలకో పెండ్లి చదివింపులకో అంగడి గల్లాలో చేయి పెట్టకుడు, అది పెట్టుబడి. పని ముమ్మరముగా నున్న నెలలో ఇంటిపనిని మగవారును పంచుకొనుడు. కొనువారు మీరైనచో కూలి నాడే చెల్లింపుడు.

తుద కొకమాట. కొడుకు వ్యాపారము చెడినచో అనుభవము వచ్చెనందుము; కూతురి వ్యాపారము చెడినచో ఆడుదాని కిది యేల యందుము. ఈ రెండు తీర్పులు నొక్కటియైన నాడే గల్లాపెట్టె తాళపుచెవి నిజముగా నామె చేతికి వచ్చినట్లు.