మర పోయిన చోట

మా తాత చెప్పులు కుట్టాడు, బావుల మీద మోటతోళ్లు కుట్టాడు. మా నాయన మిరపచేలల్లో కూలికెళ్లి వొక పాత సైకిలు కొన్నాడు. కొన్నా గానీ ఊరి మధ్యలోంచి దానెక్కి రాలేదు. పెత్తందార్ల అరుగులు రాగానే దిగి నడిపించుకుంటూ పోయి, వాళ్ల ఇళ్లు దాటాక ఎక్కేవోడు. 1985 జులై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మంచినీళ్ల చెరువు కాడ గేదెల కుడితి బకెట్టు కడగొద్దన్న దగ్గర మొదలైంది ఆ గొడవ. బతికినోళ్లు చీరాల చేరి, మళ్లీ ఆ ఊరికి పోమన్నారు. అప్పటికి మా నాయనకి పద్దెనిమిదేళ్లు. "ఆళ్లు ఊరే వొదిలేశారు, నేను సైకిలు దిగడం వొదల్లేనా" అనుకున్నాడంట. ఆ ఏడాది నించీ దిగలేదు.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ముందు నేనే. ఇప్పుడు సర్కారు బడిలో సైన్సు పంతుల్ని.

నా తొమ్మిదో తరగతిలో మా పల్లె పిల్లోడొకడున్నాడు. వాళ్లమ్మ గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే కూలీ. ఆ ఘాటుకి రాత్రిళ్లు ఆమె చేతులు మండుతాయి. ఆ డబ్బుల్తోనే వాడికి పాత గేర్ల సైకిలు కొనిచ్చింది. ముందు షాకబ్జర్ల ఫోర్కు, డిస్కు బ్రేకు. బ్రేకు లూజయిందని వాడు చెప్తే "తే, నేను బిగిస్తా" అన్నాను. ఎలెన్ కీకి పైపు తొడిగి బలంగా తిప్పాను. కిర్రుమంది. ఆ తర్వాత బోల్టు ఉత్తినే తిరిగింది. బోల్టు స్టీలు, ఫోర్కు కాలు మెత్తని లోహం. లోపలి మరంతా పొట్టులాగా రాలి బయటికొచ్చింది.

వాడు సైకిలు వైపు చూడలేదు, నా మొహం చూశాడు. "పర్లేదు సార్" అన్నాడు. పర్లేదనడం మాకు చిన్నప్పుడే అలవాటు చేస్తారు.

గ్రీజు చేతుల్తో స్టాఫ్ రూముకెళ్తే వొకాయన నవ్వి, "ఎంత చదివినా చేతిపని వొదల్దు గదండీ" అన్నాడు. ఆ చేతిపనికి అర్థం నాకు తెలుసు.

ఇంటికెళ్లి నాయనకి చెప్పాను. "పోయిన మరలో బోల్టు నిలవదురా. మీ తాత చిరిగిన బెజ్జంలో మళ్లీ దారం వేసేవోడు కాదు. చిరిగిన మేర కోసేసి, కొత్త తోలేసి, దాంట్లో కుట్టేవోడు" అన్నాడు.

గుంటూరు లేతు షాపు మేస్త్రీ చేసింది సరిగ్గా అదే. గమ్ము పెడితే చాలన్నారు కొందరు. ముందు చక్రం బ్రేకు ఊడొస్తే పిల్లోడి ప్రాణం పోద్ది. పెద్ద బోల్టు వేద్దామంటే బ్రేకుకున్న బెజ్జం 6 మిల్లీమీటర్లకే సరి. అందుకని 6.3 డ్రిల్లుతో, వొంకర పోకుండా, ఉన్న లోతు దాటకుండా పాడైన మరని తీసేశాడు. దానికని వేరే ట్యాపుంది, దాంతో కొత్త మర కోశాడు. స్ప్రింగులాంటి స్టీలు తీగచుట్టని అందులోకి తిప్పి దింపాడు, తోక విరిచేశాడు. అదే పాత బోల్టు పట్టేసింది. "ఇప్పుడు లోపల స్టీలు. ముందుకన్నా గట్టిది" అన్నాడు మేస్త్రీ. ఈసారి పైపు లేకుండా, మణికట్టు బలంతోనే బిగించాను.

"తప్పు నాది, డబ్బులు నావి" అని పిల్లోడితో చెప్పాను. నా చదువంతటిలో ఏ పంతులూ నాతో ఆ మాట అనలేదు.

1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. ఎంత తిప్పినా పట్టని బోల్టు మాకు కొత్త కాదు. బిగించినోడే తప్పొప్పుకుని, పాడైందాన్ని తీసేసి కొత్త మర వేయడమే నేను అంతకుముందు చూడలేదు.

మొన్న ఆ పిల్లోడు బెల్లు కొట్టుకుంటూ ఆ అరుగుల ముందు నించే పోయాడు. "బ్రేకు పడుతుందంట్రా?" అనడిగాడు మా నాయన.

పడుతుంది నాయనా. వాడు దిగాల్సిన పన్లేదు.