అట్లాంటాలో ఒక ఆదివారం రాత్రి

అట్లాంటా నగరంలో ఎవరిని దారి అడిగినా పీచ్‌ట్రీ వీధి అంటారు. ఆ వీధి మలుపు తిరిగితే ఇంకో పీచ్‌ట్రీ వస్తుంది. ఇన్ని వీధులకి పేరిచ్చిన ఆ పండుచెట్టు మాత్రం నేనున్న నెల్లాళ్ళలో ఒక్కటీ నా కంటబడలేదు. నేల మన ఎర్రనేలలాంటిదే. రోడ్డు కోసం తవ్విన చోటల్లా కుంకం ఆరబోసినట్టుంటుంది. దానిమీద నిటారుగా పైన్ చెట్లు. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లు ఆబర్న్ వీధిలో ఉంది, చూశాను. కొకాకోలా పుట్టిందీ ఈ ఊళ్ళోనే. వీటిని గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు కనుక వారికే వదిలేస్తాను. నేను చెప్పబోయేది 2017 ఫిబ్రవరి 5వ తేదీ రాత్రి, ఆ ఊరికి ఉత్తరాన ఉన్న ఆల్ఫరెట్టాలో, మా బావగారి హాల్లో జరిగిన సంగతి.

అక్కా బావా కొత్త ఇల్లు కొనుక్కున్నారు. గృహప్రవేశానికని సెలవు పెట్టి వెళ్ళాను. వెళ్ళాక తెలిసింది, ఆ నెలలో ఆ ఊళ్ళో ఎవరికీ ఇళ్ళమీద ధ్యాస లేదని. అట్లాంటావారి ఫుట్‌బాల్ జట్టు ఫాల్కన్స్, అంటే డేగలు, సూపర్ బౌల్ ఆడబోతున్నారు. 1966 నుంచి ఆడుతున్న ఆ జట్టు ఒక్కసారి కూడా ఆ కప్పు తేలేదు. ఎదుటివారు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్. బోస్టన్ పక్కవాళ్ళు, అప్పటికే నాలుగుసార్లు గెలిచినవాళ్ళు. పోటీ హ్యూస్టన్‌లో.

పేరు ఫుట్‌బాలే గాని ఈ ఆటలో పాదానికి పని తక్కువ. బంతి గుండ్రంగా ఉండదు, పీచు వొలవని చిన్న కొబ్బరికాయలా కోలగా ఉంటుంది. మైదానం నూరు గజాలు. జట్టుకి పదకొండుమంది. బంతి చేతిలో ఉన్నవాళ్ళకి నాలుగు అవకాశాలిస్తారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు జరిగితే మళ్ళీ నాలుగు. ఇలా గీత దాటి చివరి గడిలో దిగితే ఆరు పాయింట్లు. అంతదూరం పోలేకపోతే కర్రల మధ్యనించి బంతిని తన్ని మూడుతో సంతృప్తి పడవచ్చు. పద్యానికున్నట్టే దీనికీ నాలుగు పాదాలు, పాదానికి పదిహేను నిమిషాలు. గణభంగమైన చోటల్లా పసుపుపచ్చ గుడ్డ విసిరి ఆపుతారు. అందుచేత గంట ఆట కాస్తా దాదాపు నాలుగు గంటలు సాగుతుంది. చెడుగుడు ఆడి మోకాళ్ళు చెక్కుకున్నవాళ్ళకి ఇందులో కొత్తేమీ లేదు. కూత లేదు, అంతే.

ఇక మా బావగారి సంగతి. ఆయన 1998లో ఒంటరిగా అట్లాంటా చేరారు. మరుసటి జనవరి 31న ఇదే ఫాల్కన్స్ మొదటిసారి ఈ పోటీకి వెళ్ళి డెన్వర్ చేతిలో 34-19 తేడాతో ఓడిపోయారు. ఆఫీసువాళ్ళెవరో పిలిస్తే వెళ్ళి ఆ ఆట చూశారట. ఆనాటి నుంచి ఆ జట్టంటే ఆయనకి ప్రాణం. ఎందుకని అడిగితే ఏనాడూ తిన్నగా చెప్పలేదు. అప్పుడు అక్క పురిటికని తెనాలిలో మా ఇంట్లో ఉంది. పుట్టినవాడే మా మేనల్లుడు. పుట్టింది తెనాలిలో అయినా వాడు మాట నేర్చింది మాత్రం అట్లాంటాలో.

ఆ తండ్రీకొడుకుల మధ్య మాటలు తక్కువ. తండ్రి తెలుగులో అడుగుతాడు, కొడుకు ఇంగ్లీషులో జవాబిస్తాడు, రెండూ కలిపి పది మాటలు దాటవు. సెప్టెంబరు నుంచి జనవరిదాకా ఆదివారాలు మాత్రం ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని గంటలతరబడి మాట్లాడుకుంటారని అక్క చెప్పేది. "ఆ బంతే లేకపోతే మీ బావకి వీడి గొంతు ఎలా ఉంటుందో తెలీదురా," అంది నాతో. ఆగస్టులో కుర్రవాడు చదువుకి వెళ్ళిపోతాడు. సీటు వచ్చింది ఎక్కడనుకున్నారు? బోస్టన్‌లో!

ఆ ఆదివారం పొద్దున్నే బావగారు కారెక్కి, ఊరికి దక్షిణాన రివర్‌డేల్‌లో ఉన్న వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళివచ్చారు. నుదుట బొట్టు, ఒంటిమీద డేగబొమ్మ చొక్కా. సాయంత్రం ఆరున్నరకి ఆట. అక్క మిరపకాయ బజ్జీలు వేసింది. తొంభై రెండేళ్ళ మాజీ అధ్యక్షుడు పెద్ద బుష్‌గారు చక్రాల కుర్చీలో వచ్చి నాణెం ఎగరేశారు. మధ్యమధ్య వచ్చే ప్రకటనలకు అర నిమిషానికి సుమారు 50 లక్షల డాలర్లట. ఆ సొమ్ముతో మా కాలేజీకి ఎన్ని గదులు కట్టవచ్చో లెక్కవేస్తూ కాసేపు ఆట చూడలేదు.

చూసేసరికి డేగలు రెక్క విప్పాయి. ఒకటి, రెండు, ఆపైన ఎదుటివాడు విసిరిన బంతిని ఆల్ఫర్డ్ అనే అతను మధ్యలో అందుకుని 82 గజాలు పరుగెత్తి మూడోది. 21-0! బావగారు లేచి నిలబడి కొడుకు వీపుమీద చరిచారు. సరిగ్గా ఆ సమయానికి అక్క బజ్జీల పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది.

"కదలకు! అక్కడే ఉండు!" అని అరిచారు ఆయన.

"బజ్జీలు చల్లారిపోతాయండీ."

"చల్లారనీ!"

విశ్రాంతివేళకి 21-3. లేడీ గాగా పాట అయింది. మూడో పాదంలో 28-3. స్నేహితులెవరో ఫోన్ చేసి అభినందనలు కూడా చెప్పేశారు. అప్పటికి ఆ పోటీ చరిత్రలో పదికి మించిన లోటునుంచి గెలిచినవాళ్ళు లేరు, ఇక్కడున్నది ఇరవై అయిదు. అక్క కాళ్ళు నొప్పెట్టి కూర్చుంది.

అక్కడినుంచి కథ తిరగబడింది. అక్క కూర్చోవడంవల్లనే అని బావగారు ఈనాటికీ అంటారు. అవతల బ్రేడీ అనే నాయకుడికి ముప్ఫై తొమ్మిదేళ్ళు. ఆ ఆటలో అది ముసలితనం. తొందరలేదు, కోపంలేదు. పొలం గట్టున నడిచేవాడిలా పది గజాలు, మళ్ళీ పది గజాలు. 28-9. 28-12. ఇవతలి నాయకుడు రయన్ చేతిలో బంతిని ఊడగొట్టి పుచ్చుకున్నారు. 28-20.

అప్పటికీ మించిపోలేదు. ఈ ఘట్టం దగ్గర నేను కాస్త ఆగాలి, ఎందుకంటే ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ ఇక్కడే ఆగుతారు. అయిదు నిమిషాలు కూడా లేవు. జోన్స్ అనే అతను అంచుగీత దగ్గర గాలిలోకి లేచి, కింద రెండు కాలివేళ్ళూ గీత లోపలే ఉంచి, బంతి పట్టాడు. మనుష్యమాత్రుడికి సాధ్యమా అనిపించింది. బంతి ఎదుటివారి 22 గజాల గీతమీద ఉంది. మూడుసార్లు బంతిని పొట్టకి అదుముకుని నేలమీద పడుకుని, తర్వాత కర్రల మధ్యకి తన్నితే 31. పదకొండు పాయింట్ల ఎడం. ఆట అయిపోయినట్టే.

"నాన్నా, రన్ చెయ్యాలి కదా?" అన్నాడు కుర్రవాడు. తెలుగులో!

"అంతేరా. పడుకుంటే చాలు."

వాళ్ళు పడుకోలేదు. ఒకసారి పరుగెత్తి గజం పోగొట్టుకున్నారు. తర్వాత బంతి విసరబోయాడు రయన్, పన్నెండు గజాలు వెనక పడగొట్టారు. మళ్ళీ విసిరితే గుడ్డ పడింది, శిక్ష పది గజాలు. తన్నడానికి అందని దూరమైపోయింది. గెలుపు గుమ్మంలో ఉండగా ఎందుకు విసిరారయ్యా అంటే, అంతదాకా అలా విసిరే గెలిచారు గనక. నాకు వాళ్ళమీద కోపం రాలేదు, బావగారి మొహం చూస్తే భయం వేసింది.

ఆ తర్వాత ఎడెల్మన్ అనేవాడు, ముగ్గురు డేగలు మీదపడుతుండగా, నేలకి వేలెడు ఎత్తులో బంతి దొరకబుచ్చుకోవడం, యాభై ఏడు సెకన్లుండగా బంతి చివరి గడిలో దిగడం, 28-28 కావడం, అన్నీ వరుసగా జరిగిపోయాయి. సూపర్ బౌల్‌లో అదనపు సమయం అదే మొదలు. మళ్ళీ నాణెం. అదీ పేట్రియట్స్‌కే పడింది. నేరుగా వచ్చి గీత దాటారు. 34-28.

"అదేమిట్రా, వీళ్ళకి బంతి ఇవ్వరా?" అంది అక్క.

ఇవ్వరు. అప్పటి నియమం అది. ఇటువంటి పోటీల్లో రెండు జట్లకీ బంతి అందాలని 2022లో మార్చారు. కాని అక్క ఆ ప్రశ్న అయిదేళ్ళ ముందే అడిగింది.

రాత్రి పదిన్నర అయింది. టెలివిజన్ ఎవరు ఆపారో గుర్తులేదు. కుర్రవాడు మోకాళ్ళమీద మొహం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. బావగారు కాసేపు చూసి, "లే, అన్నం తిందాం," అన్నారు.

పెరుగన్నం కలుపుకుంటూ కుర్రవాడు అడిగాడు, "అప్పుడు కూడా ఇలాగే ఉండిందా, నాన్నా? తొంభై తొమ్మిదిలో?"

అప్పుడు చెప్పారు మా బావగారు. ఒక గది, ఒక పరుపు, ఒక కుక్కరు. ఫోన్ కార్డు కొని తెనాలికి చేస్తే, అక్క హలో అని ఎలా ఉన్నారనేసరికే డబ్బులు కరిగిపోవడం. కొడుకు పుట్టేనాటికి తాను వెళ్ళలేనని తెలిసిన నెల అది. ఆ ఆట చూసిన రాత్రి, ఓడిపోయాక, పేరైనా సరిగా తెలియని ఆఫీసువాళ్ళు నలుగురు ఆయన భుజంమీద చెయ్యివేసి, "మనం ఓడిపోయాం," అన్నారట. ఆ ఊళ్ళో ఆయనని మనం అన్నది అదే మొదటిసారి.

కుర్రవాడు చెయ్యి ఎండిపోయేదాకా విన్నాడు. అక్క కూడా అది వినడం అప్పుడేనట. వాళ్ళు ముగ్గురూ ఒంటిగంటదాకా పళ్ళాలముందే కూర్చున్నారు. ఆవకాయ సీసా నా దగ్గరే ఉండిపోయింది, ఎవరూ అడగలేదు.

మర్నాడు ఊళ్ళోకి వెళితే, కారు అద్దాల మీద ఎర్రజెండాలు అలాగే ఉన్నాయి గాని మనుషులు పెళ్ళి తప్పిపోయిన ఇంటివాళ్ళలా ఉన్నారు. ఆ జట్టు అంతకాలం ఆడిన జార్జియా డోమ్ దూరంనుంచి చూశాను. అదే ఏడాది నవంబరు 20న దాన్ని పేల్చి కూల్చేశారు. పక్కనే కొత్తది కట్టుకున్నారు.

ఆగస్టులో కుర్రవాడు బోస్టన్ వెళ్ళాడు. అక్కడ కుర్రాళ్ళు వీడి ఊరి పేరు వినగానే 28-3 అంటారట. అక్టోబరు 22న ఫాక్స్‌బరోలో మళ్ళీ అవే రెండు జట్లు తలపడ్డాయి. బావగారు విమానమెక్కి వెళ్ళి, కొడుకుతో కలిసి ఆ పరాయి మైదానంలో ఎర్రచొక్కా వేసుకు కూర్చున్నారు. ఫాల్కన్స్ 23-7తో మళ్ళీ ఓడిపోయారు. పైగా ఆ రాత్రి మైదానంమీద పొగమంచు కమ్మేసి ఆట సరిగా కనిపించనేలేదు. మర్నాడు ఫోన్ చేసి, "అంతదూరం వెళ్ళి ఏం చూశారు బావగారూ?" అని అడిగాను.

"ఏమీ కనపళ్ళేదోయ్," అన్నారు ఎంతో సంతోషంగా. "వాడే పక్కనుంచి అంతా చెప్పాడు."