భారం పడినప్పుడే తెలుస్తుంది

ఈసారి కారు ఫ్యాను గురించి రాస్తున్నాను. నవ్వకండి, చివరిదాకా చదవండి.

మన సంఘంలో ఒక సహోదరికి వారానికి మూడుసార్లు ఒంగోలులో డయాలసిస్ చేయిస్తున్న సంగతి మీకు తెలుసు. మా పాత పెట్రోలు కారులోనే తీసుకెళ్తుంటాం. మే నెలలో ఆ కారుకు ఒక జబ్బు పట్టుకుంది. రోడ్డు మీద పోతున్నంతసేపూ బాగానే ఉంటుంది. ఊళ్లోకి వచ్చి ట్రాఫిక్‌లో ఆగేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత దగ్గరికి పాకుతుంది. తిరుగు ప్రయాణం మిట్టమధ్యాహ్నం. డయాలసిస్ అయి సోలిపోయిన మనిషిని ఆ ఎండలో రోడ్డు పక్కన కూర్చోబెట్టలేం కదా.

ఆ లక్షణమే సగం సంగతి చెబుతుంది. కారు పరుగెత్తేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగితే ఆ గాలి ఉండదు, ఫ్యాను తిరగాలి. అందుకని ఆగినప్పుడు మాత్రమే వేడెక్కే బండికి ముందుగా ఫ్యాను చూడాలి.

మొదట చూపించిన షెడ్డులో ఫ్యాను ప్లగ్గు ఊడదీసి మీటరు పెట్టారు. 12 వోల్టులు చూపించింది. "కరెంటు వస్తోంది, ఫ్యాను తిరగట్లేదు. మోటారు పోయింది, మార్చాలి" అన్నారు. కొత్త మోటారు నాలుగు వేల పైమాట.

మాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఒకడున్నాడు. "కొనేముందు ఒకసారి చూద్దాం అయ్యగారూ" అన్నాడు. ఏసీ వేయించాడు. మా కారులో ఏసీ వేస్తే ఇంజిన్ చల్లగా ఉన్నా ఫ్యాను తిరగాలి. తిరగలేదు. ఫ్యూజు చూశాడు, బాగుంది. రిలే టక్కుమంటోంది. అయినా నమ్మకుండా, అలాంటిదే అయిన హారన్ రిలే తీసి అక్కడ పెట్టాడు. తేడా లేదు. తర్వాత మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా రెండు తీగలు ఇచ్చాడు. ఫ్యాను రయ్యిమని తిరిగింది! మోటారు బాగానే ఉంది, ప్లగ్గు దగ్గర 12 వోల్టులూ ఉన్నాయి. మరి ఎందుకు తిరగదు?

అతను ప్లగ్గు మళ్లీ పెట్టేసి, ఏసీ వేసి ఉండగానే కొలిచాడు. మీటరు పుల్ల ఒకటి ఫ్యాను నల్ల తీగకు, రెండోది బ్యాటరీ మైనస్‌కు ఆనించాడు. అక్కడ దాదాపు సున్నా చూపాలి, మహా అయితే అర వోల్టు. 9 వోల్టులు దాటింది. ఆ తీగ వెంబడి వెళ్తే, హెడ్‌లైటు వెనక బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు తుప్పు పట్టి, తీగ కొస పచ్చగా చిలుమెక్కి ఉంది. ఎమరీ కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, గ్రీజు రాశాడు. ఫ్యాను తిరిగింది. 200 రూపాయలు తీసుకున్నాడు.

నేను అడిగితే విడమరిచి చెప్పాడు. మీటరు లాగే కరెంటు లెక్కలోకి రాదు. మోటారుకు 10 ఆంపియర్ల వరకూ కావాలి. తుప్పు పట్టిన దారి మీటరుకు సరిపోతుంది, మోటారుకు సరిపోదు. మన పొలం పైపు కూడా అంతే. లోపల పూడిక ఉన్నా వాల్వు కట్టేసి ఉన్నంతసేపు ప్రెషర్ నిండుగానే చూపిస్తుంది. వాల్వు తిప్పితేనే ధార సన్నమని తెలుస్తుంది.

ప్రియులారా, ఆ మాట నన్ను వదల్లేదు. ఆ సహోదరి భర్త రెండు నెలలుగా ఆదివారం కూడికకు రావడం లేదు. ఎప్పుడు పలకరించినా "బాగున్నాం అయ్యగారూ, ఏం ఇబ్బంది లేదు" అనేవాడు. కొందరు "ఆయనలో మునుపటి ఆసక్తి చచ్చిపోయింది" అనుకున్నారు. కారు షెడ్డులో ఉన్న వారం ఆయన ఆమెను బస్సులో తీసుకెళ్లాడు. రెండోసారి బస్టాండులో ఆమె కళ్లు తిరిగి పడిపోయింది. ఆ సాయంత్రం నేను వెళ్తే ఆయన అరుగు మీద కూర్చుని మొదటిసారి నోరు విప్పాడు. రాత్రిళ్లు ఆమెకు ఆయాసం, ఈయనకు నిద్ర లేదు. కూలికి పోయేది వారానికి మూడు రోజులే. ఆదివారం ఆమె పక్కన కూర్చునేవాళ్లు ఎవరూ లేరు.

ఆయన చెప్పిన "బాగున్నాం" అబద్ధం కాదు. ప్లగ్గు ఊడదీసి చూసిన 12 వోల్టులు అబద్ధమా? తలుపు దగ్గర నిలబడి అడిగే ప్రశ్నకు వచ్చే జవాబు అంతే ఉంటుంది. మనిషిలో మోటారు పోలేదు. ఆనుకునే చోటు వదులైంది. అది బాగుచేయడానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. ఇప్పుడు ఇద్దరు అక్కలు ఆదివారాలు వంతులేసుకుని ఆమె దగ్గర ఉంటున్నారు. ఆయన పోయిన రెండు వారాలూ కూడికకు వచ్చాడు.

కార్లున్న సహోదరులకు రెండు మాటలు. ముల్లు పైకెక్కితే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా పెట్టి, బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. వేడి మీద రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి, మరిగే నీళ్లు మీద పడతాయి. కొన్ని కార్లలో తాళం తీసేసినా ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది, చేతులు దూరంగా ఉంచండి. ఫ్యూజు పోతే దాని బదులు తీగ చుట్టకండి, వైరింగు తగలబడుతుంది.

ఇంకొక మాట. మంగళవారం, గురువారం ఒంగోలు వెళ్లడానికి మనుషులు కుదిరారు. శనివారానికి ఒకరు కావాలి. కారు మాదే, నడపడం వస్తే చాలు. వీలున్నవాళ్లు ఫోను చేయండి.

మీ పాస్టరు